గోడ వెనుక ఉప్పు

నీట మునుగు నేల నెమ్మదిగా లేపి
కడలి నడుమ నిదుర కన్ను మోడ్చు
స్వామి! తడికి పొడికి సరిహద్దు నీవెగా
కరుణ పోటు వోలె కదలనిమ్ము.

ఆదివరాహమూర్తికీ, ఆయన కోరమీద కుదురుగా నిలిచిన భూదేవికీ నమస్కరించి, మా ఇంట ఒక ఎండకాలంలో జరిగిన సంగతిని జరిగినట్టే చెబుతాను. మునిగిన నేలను పైకెత్తినవాడు ఆ స్వామి. పని ముగించి మళ్లీ నీటిమీదనే పవళించినవాడూ ఆయనే. మొదటి మాటను నేను బడిలో ముప్ఫై ఆరేళ్లు పాఠంగా చెప్పాను. రెండవ మాట తలకెక్కడానికి మాత్రం మా అక్క కావలసి వచ్చింది.

మాది తూము ఇల్లు. సముద్రానికీ నేలకూ నడుమ పెద్దల నాడు పోసిన మట్టికట్ట ఉంది. దాన్ని కరకట్ట అంటారు. ఆ కట్టలో ఒక తూము, తూముకు ఇనుప తలుపు, తలుపును ఎత్తి దించడానికి ఒక చక్రం, ఆ చక్రం పక్కన రెండు గదుల ఇల్లు. ఆ ఇంట మా బావ నలభై రెండేళ్లుగా తూము కాపరి. నీరు ఎక్కే వేళ పోటు, దిగే వేళ ఆటు. పోటుకు తలుపు దించడం, ఆటుకు ఎత్తి లోపలి మురుగును వదలడం ఆయన పని. ఆయన ఇల్లాలు మా అక్క. నా ఇల్లాలు కాలం చేశాక నేను పుస్తకాల పెట్టెతో వచ్చి వాళ్ల వసారాలో చేరాను. "అటు ఉప్పు, ఇటు ఉప్పు, నడుమ నీ పద్యాలు. ఇంక చప్పగా ఉందనే మాటే ఉండదు ఈ ఇంట్లో" అని బావ ఆ రోజే అన్నాడు.

కట్ట లోపలి నేల ఒకప్పుడు సముద్రానిదే. మా నాన్న తరంవారు తట్టలతో మట్టి మోసి, కట్ట పోసి, నీటిని వెళ్లగొట్టి దాన్ని పొలం చేశారు. తాము చేసినది వరాహస్వామి పనే అని నాన్న చెప్పుకొనేవాడు. ఇరవై ఏళ్లు ఆ నేల పండింది. తరువాత అడుగునుంచి ఉప్పు ఉబికింది. ఆటుపోట్లు ఆడని అలాంటి నేల ఊపిరాడని మనిషివంటిదని మాకెవరికీ తెలియదు. ఏటేటా చవుడు పైకి తేలి, చివరకు గడ్డిపోచ మొలవని తెల్లని బయలు మిగిలింది. కట్ట వెలుపల సముద్రమైనా బాగుపడిందా అంటే అదీ లేదు. పిల్లచేపలు దాగే మడచెట్లు కట్ట పోసిననాడే పోయాయి. నీటి అడుగున పెరిగే గడ్డి బురద కప్పుకొని చచ్చింది. చేపలేవయ్యా అని అడిగితే, రేవులో మిగిలిన ఒకే ఒక్క పడవవాడు, "పీట వెయ్యని ఇంటికి చుట్టాలు వస్తారా మాస్టారూ" అనేవాడు.

ఆ ఏడు చలి వెనకబట్టే రోజుల్లో ఒక అమ్మాయి వచ్చింది. చచ్చిన తీరాలను బతికించే చదువు చదివిందట. వచ్చిన గంటకే మోకాళ్లదాకా బురదలో దిగింది కనుక బావ ఆమెకు బురదమ్మాయి అని పేరు పెట్టాడు. ఆమె ఆ పేరుకు పలికింది. మా ముందుగదిలో మకాం పెట్టింది. ఆమె చెప్పినది సులువుగానే ఉంది. తూము తలుపు ఎత్తి ఉంచాలి. పోటు లోపలికి రావాలి, ఆటు బయటికి పోవాలి. ఆ నీరు నడిచే దారుల వెంట మడమొక్కలు నాటాలి. వెలుపల, గడ్డి చచ్చిన చోట, అలల దెబ్బ ఆపడానికి ఆల్చిప్పలు వలల్లో కట్టి గుట్టలుగా వెయ్యాలి. పైకార్యాలయం ఆమెకు ఒక్క ఎండకారు గడువు ఇచ్చింది. తొలివాన పడేనాటికి నాటిన మొక్కల్లో సగం బతికి ఉంటే ఈ నేల సముద్రానికీ చెట్లకూ వదిలివేస్తారు. లేకపోతే తూమును రాతితో పూడ్చి, బయలును చదునుచేసి గోదాములు కడతారు. అప్పుడు తూము ఇల్లూ ఉండదు.

బావ రెండు రోజులు ఏమీ చెప్పలేదు. ఆయన ఎందుకు చెప్పలేకపోయాడో ఒక్కసారి చెబుతాను, మళ్లీ చెప్పను. నలభై రెండేళ్ల కిందట తుఫానుకు కట్ట తెగింది. సముద్రం మూడు రోజులు లోపలే ఉంది. బావులన్నీ ఉప్పయ్యాయి. అప్పుడు అక్క ఒడిలో ఐదు నెలల పసివాడు. తాగడానికి నీరు లేక అక్కకు పాలు ఇంకిపోయాయి. మంచినీళ్ల బండి నాలుగోరోజు వచ్చింది. అప్పటికి ఒడి ఖాళీ అయింది. ఆ నెలలోనే బావ తూము కాపరి పని అడిగి పుచ్చుకొన్నాడు. నాటినుంచి ఒక్క పోటునూ గడప దాటనివ్వలేదు. అక్క ఆ నీటిలో మళ్లీ పాదం పెట్టలేదు.

మూడోరోజు పొద్దున బావ అమ్మాయిని కట్టమీదికి తీసుకుపోయి, తెల్లని బయలు చూపించాడు.

"అమ్మాయీ, ఇన్నేళ్లు తలుపేసుకుని నేను లోపల ఏం దాచానో చూశావుగా. సముద్రం బయటే ఉంది. ఉప్పు మాత్రం ఇంట్లో ఉంది. సరే, తీసి చూద్దాం."

"తలుపు మీరే ఎత్తాలి తాతగారూ."

చక్రం నలభై ఒక్క చుట్లు తిరిగింది. నేను లెక్కపెట్టాను. నీరు ఉరుకుతుందని భయపడ్డాను గాని అది ఉరకలేదు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలిలా గడప దగ్గర కాసేపు ఆగి, అటూ ఇటూ చూసి, తలవంచుకొని లోపలికి వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే మా వంటింటి కిటికీ మూసి ఉంది.

నాకూ ఒక పని అప్పగించారు. తూము గోడకు తాపిన కొలబద్ద మీద పొద్దునా సాయంత్రం నీటిమట్టం ఎంత ఉందో, తలుపు తెరిచి ఉందో లేదో చూసి పుస్తకంలో రాయాలి. బావ దాన్ని నా పురాణం అనేవాడు. ఈ పురాణంలో దేవుడు లేడు, ఒట్టి నీళ్లేనని ఎగతాళి చేసేవాడు. నేను మాత్రం గుండ్రని అక్షరాలతో, తేదీలు పొల్లుపోకుండా రాశాను. ముప్ఫై ఆరేళ్లు సత్యవాక్యం మీద పద్యాలు చెప్పినవాడి చేతిరాత ఎలా ఉండాలో అలా ఉండేది.

ఆ వారంలోనే మొక్కలు వచ్చాయి. తొమ్మిదివందల తెల్లమడ మొక్కలు, జానెడేసి పొడవు, నల్ల సంచుల్లో. పెరడంతా నిండిపోయింది. వాటిని సాకే పని అక్క తనంత తానుగా మీద వేసుకొంది. అందుకు అమ్మాయి ఎంత సంతోషించిందో చెప్పలేను. ఒక చెంబుకు ఎర్రరంగుతో గీత గీసి, అక్కకు పద్ధతి చెప్పింది. మొదటివారం మంచినీళ్లే పోయాలి. రెండోవారం మూడుపాళ్ల మంచినీళ్లలో ఒక పాలు ఉప్పునీరు. మూడోవారం సగం సగం. నాలుగోవారం అచ్చంగా ఉప్పునీరు. అలా అలవాటుపడితేనే బయట బతుకుతాయని మరీమరీ చెప్పింది. ఉప్పునీటి కోసం పెరట్లో ఒక నీలం పీపా పెట్టి, రోజూ కాలువనుంచి నింపించేది. అక్క అన్నింటికీ తల ఊపింది.

ఆ మొక్కలు పెరిగిన తీరు చూసి కట్టమీద పోయేవాళ్లు ఆగేవారు. ఆకు ఒత్తుగా, పచ్చగా, నూనె రాసినట్టు మెరిసేది. ఇంత బాగా పెరిగిన మొక్కలను తాను ఎక్కడా చూడలేదని అమ్మాయి అంటే అక్క ముఖం చేటంత అయ్యేది. ఆ ఇంట అక్క పొద్దున లేస్తూనే ఎవరితోనో మాట్లాడటం చాలా ఏళ్ల తరువాత విన్నాను. మొక్కలతో మాట్లాడేది. ఒకదాన్ని బక్కోడా అనేది, ఒకదాన్ని బొద్దమ్మా అనేది.

మూడోవారంలో ఒక పొద్దున నేను పెరటిగోడ వెనుకకు పోయాను, తులసి ఆకులు కోసుకొనేందుకు. అక్కడ అక్క నీలం పీపాలోని ఉప్పునీరు చెంబులతో ముంచి తెచ్చి గోడ వెనుక నేలమీద పారబోస్తోంది. గీత గీసిన ఎర్రచెంబుతోనే, కొలత తప్పకుండా. నేల అప్పటికే తెల్లబడి ఉంది. పక్కన తాగునీళ్ల బిందె, సగం ఖాళీగా.

నన్ను చూసి చెంబు దించింది.

"నువ్వే కదరా చెప్పావు," అంది, నేను ఏమీ అడగకముందే. "దాహంతో ఉన్న వేరుకు నీళ్లు పోస్తే నూరు బావులు తవ్వించినంత పుణ్యమని. మొన్న వసారాలో కూర్చుని రాగం తీసి మరీ చదివావు."

చదివిన మాట నిజమే. "ఆ అమ్మాయి చెప్పిందీ..." అన్నాను.

"చిన్నపిల్ల. దానికేం తెలుసు? ఆకు పచ్చగా ఉందా లేదా చూడు."

పచ్చగానే ఉంది. నేను తులసి కోసుకొని వచ్చేశాను. ఆ రోజు నేను నోరు విప్పి ఉంటే ఈ కథ ఉండేది కాదు. శాస్త్రం చదువుకొన్నవాడికి ఒక రోగం ఉంటుంది: తన నోటివెంట వచ్చిన మాటను ఎవరైనా నమ్మి ఆచరిస్తే, అది తప్పని చెప్పడానికి నాలుక తిరగదు. పైగా మేము ఉప్పుతో పోరాడి బతికినవాళ్లం. ఉప్పునీరు పోసి పెంచాలనే మాట మాలో ఎవరి చెవికీ సరిగా ఎక్కలేదు. మంచినీళ్లు ఒక్కరోజు ఎక్కువ పోస్తే ఏ మొక్క చస్తుందని నన్ను నేను సమాధానపెట్టుకొన్నాను.

ఆరువందల మొక్కలు నాటడానికి, మూడువందలు మారుకు ఉంచుకోవడానికి నిర్ణయమైంది. అష్టమినాడు, పోటు తక్కువగా ఉండే పూట, రేవు జనం అంతా దిగి నాటారు. పడవవాడు వరసలు చూసి, ఇంత ముద్దుగా తన పెళ్లిలో తనను కూడా ఎవరూ నిలబెట్టలేదన్నాడు. అక్క కట్టమీదనే నిలబడి, ఒక్కొక్క సంచీ అందిస్తూ, ఒక్కొక్కదాని ఆకు నిమిరింది.

నాలుగోరోజుకు ఆకులు వాలాయి. ఆరోరోజుకు అంచులు నల్లబడ్డాయి. తొమ్మిదోరోజున నేను కొలబద్ద చూడటానికి పోయినప్పుడు, ఆరువందల పుల్లలు బురదలో నిలబడి ఉన్నాయి. అమ్మాయి వాటి మధ్య కూర్చుని ఉంది. నేను కొలబద్ద చూసి, మట్టం రాసుకొని వచ్చేశాను.

మరునాడు పైకార్యాలయంనుంచి పెద్దసారు వచ్చాడు. మంచి మనిషే, గట్టిగా మాట్లాడటం ఎరగడు. వసారాలో కుర్చీ వేశాము. అమ్మాయి కళ్లు ఉబ్బి ఉన్నాయి. మొక్కలు వచ్చేటప్పుడు నిక్షేపంగా ఉన్నాయి కనుక తప్పు నేలలోనో నీటిలోనో ఉండాలని ఆయన లెక్క వేశాడు. తలుపు రెండు మూడు పోట్లకు మూసి ఉంటే, లోపలి బురద ఎండకు ఎండి ఉప్పు రెట్టింపు అవుతుందట. అలా అయితేనే ఇంత త్వరగా చస్తాయట. నలభై ఏళ్ల అలవాటు కదా, చెయ్యి దానంతట అదే చక్రం మీదికి పోయి ఉండవచ్చునా అని, నొప్పించకుండా, బావను అడిగాడు.

నేను నవ్వబోయాను. పోటువేళ విషయంలో బావను అనుమానించడం సూర్యుడిని ఆలస్యంగా వచ్చావా అని అడగడమే. అంతలో బావ కళ్లు పెరటివైపు తిరగడం చూశాను. పెరటి తలుపు సందులో అక్క చీర అంచు కనబడుతోంది.

"మూశాను," అన్నాడు బావ.

"ఎన్నిసార్లు తాతగారూ?" అంది అమ్మాయి.

"రెండు పోట్లకు. చెయ్యి ఊరుకోలేదు."

అమ్మాయి నావైపు తిరిగింది. "మాస్టారూ, మీ పుస్తకంలో రోజూ తెరిచే ఉందని రాశారు కదా."

నా పుస్తకం ఆమె ఒడిలోనే ఉంది. గుండ్రని అక్షరాలు. నేను బావ ముఖం చూశాను. ఆయనకు కూడా ఆ గోడ వెనుక తెల్లని నేల సంగతి తెలుసునని, ఎన్నాళ్లనుంచో తెలుసునని, నాకు అప్పుడు అర్థమైంది. ఇంట్లో బిందె ఖాళీ కావడం కాపరి కంట పడకుండా ఉంటుందా?

"నా చూపు ఈమధ్య సరిగా ఆనడం లేదమ్మా," అన్నాను.

పెద్దసారు నిట్టూర్చి, చక్రం పిడి విప్పించి తనతో తీసుకుపోతానన్నాడు. తలుపును గొలుసు వేసి పైకే కట్టేశారు. మిగిలిన మూడువందల మొక్కలను వేరే తీరానికి పంపమని, ఇక్కడ కాపరిని నమ్మి పని సాగదని ఉత్తరం రాయమని అమ్మాయికి చెప్పాడు. నలభై రెండేళ్ల అరచేతుల రాపిడికి నున్నబడిన ఆ పిడిని బావ తనే విప్పి, తుడిచి, ఆయన చేతిలో పెట్టాడు.

పెద్దసారును సాగనంపడానికి అమ్మాయి కూడా వెళ్లాక బావ వసారా మెట్టుమీద కూర్చుని చాలాసేపు తన చేతులు చూసుకొన్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"ఏం బావమరిదీ, పుట్టి బుద్ధెరిగాక ఆడిన మొదటి అబద్ధమా అది?"

"అవును."

"తెలుస్తూనే ఉంది. చూపు ఆనడం లేదట. నీ ఒళ్లో సూదిలో దారం ఎక్కించి పెట్టిన చొక్కా ఉంది, ఇందాకటినుంచి గుండీ కుట్టుకుంటూ కూర్చున్నావు. దేవుడి దయవల్ల ఆ పిల్ల ఏడుపులో ఉండి చూడలేదు."

చూసుకొంటే ఉంది. ఇద్దరమూ నవ్వాము. నవ్వు ఆగాక బావ మెల్లగా అన్నాడు: "ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలంటారు. మన ఇంట్లో చూడు, నీళ్లు తాగినవాళ్లు ఉప్పు తినాల్సొచ్చింది. మీ అక్కను ఏమీ అనకు. ఆ చేత్తో ఉప్పునీళ్లు పొయ్యమని అడిగితే ఎట్లా పోస్తుంది?"

లోపల గిన్నె చప్పుడు లేదు. అక్క వింటోందని మా ఇద్దరికీ ఆలస్యంగా తెలిసింది.

మరునాడు పొద్దున అమ్మాయి పెట్టె సర్దుకొంటూ ఉండగా అక్క ముందుగదికి పోయి, ఆమె మణికట్టు పట్టుకొని, పెరట్లోంచి గోడ వెనుకకు తీసుకుపోయింది. మేము వెనకే పోయి పెరటిగోడ దగ్గర ఆగాము. ఇంకా ముందుకు పోవడానికి ధైర్యం చాలలేదు.

గోడ వెనుక, నాలుగు చాపలు పరిచినంత మేర, నేల తెల్లగా పొరగట్టి ఉంది. ఎండలో అది మెరుస్తోంది. అక్క దాన్ని వేలితో చూపించింది. అమ్మాయికి ముందు బోధపడలేదు. వంగి, ఆ పొరను గోటితో గీకి, నాలుకమీద వేసుకొంది. తరువాత నీలం పీపావైపు చూసింది. ఎర్రచెంబువైపు చూసింది.

"ఆయన తలుపు మూయలేదమ్మా," అంది అక్క. "మా తమ్ముడి కళ్లకూ ఏ జబ్బూ లేదు. ఆ నీళ్లు నా చేత్తో పొయ్యలేకపోయాను. అంతే."

అమ్మాయి ఎంతోసేపు ఆ తెల్లని నేల దగ్గరే కూర్చుంది. కోప్పడుతుందేమోనని చూశాము. లేచి, చేతులు దులుపుకొని, ఆమె అన్నమాట నేను చచ్చేదాకా మరిచిపోను.

"మిగతా మూడువందలూ మీ దగ్గరే ఉంటాయి అమ్మమ్మగారూ. ఇవాళ ఒక్క చెంచాతో మొదలుపెడదాం. పసివాళ్లకు పాలు మాన్పించడం మీకు తెలిసిందే కదా, అలాగే."

"తెలీదమ్మా," అంది అక్క. "అంతదాకా రాలేదు."

అమ్మాయికి ఆ మాట ఎంతమేరకు అందిందో నాకు తెలియదు. ఎవరూ ఆమెకు పాతకథ చెప్పలేదు. కాని ఆమె చేయి చాచి అక్క చేతిలోని చెంబు పట్టుకొంది, లాక్కోకుండా, అక్క చేతిమీదనే తన చేయి వేసి. ఇద్దరూ కలిసి ఆ చెంబును పీపాలో ముంచారు.

ఆ రోజునుంచి మా పెరడు ఒక బాలింత గది అయింది. అమ్మాయి పెద్దసారుకు ఉత్తరం రాసింది గాని అందులో ఉన్నది ఆయన రాయమన్నది కాదు. తప్పు కాపరిది కాదని, మొక్కలకు ఉప్పు అలవాటు చెయ్యడంలో తానే దగ్గరుండి చూసుకోలేదని రాసి, ఆ మూడువందల మీదనే గడువు నిలపమని వేడుకొంది. ఆయన ఒప్పుకొన్నాడు. నూటయాభై బతికితే తూము నిలుస్తుంది.

అక్క మొదటిరోజు ఒక బిందెలో ఒక చెంచా ఉప్పునీరు కలిపింది. మరునాడు రెండు. పొయ్యబోయేముందు ప్రతిసారీ ఆ నీటిని తాను పుక్కిట పట్టి రుచి చూసేది. వద్దని బావ మందలిస్తే, పిల్లకు పట్టేముందు తల్లి చూడదా అని కసిరింది. రెండువారాలకు ఆమె పెదవులు పగిలాయి. మొక్కలకూ బాధ తప్పలేదు. నిగారింపు పోయింది. కింది ఆకులు పండి రాలాయి. ఏ పూట ఎన్ని ఆకులు రాలాయో అక్క నాతో పుస్తకంలో రాయించేది. బక్కోడు పోయాడు. బొద్దమ్మ సగం ఆకులు వదిలింది. ఆ పూట అక్క చెంబు పక్కన పెట్టేసి, ఇక తనవల్ల కాదని కూలబడింది. బావ ఆ చెంబు అందుకొని మిగతా వరస తానే పోశాడు. చక్రం తిప్పిన చేతులు కదా, చెంబు చాలా మెల్లగా వంచాడు.

ఇరవై మూడో రోజు పొద్దున అక్క నన్ను గట్టిగా పిలిచింది. పరుగున పోయాను. బొద్దమ్మ ముందు గొంతుక్కూర్చుని ఉంది. కొత్తగా వచ్చిన చిన్న ఆకును రెండు వేళ్లతో తిప్పి అడుగువైపు చూపించింది. ఆకు అడుగున తెల్లగా, పొడిగా, నూకలంత కణాలు.

"ఏమిటిరా ఇది? పురుగా?"

నాకు తెలియదు. అమ్మాయిని పిలిచాము. ఆమె చూసి, నవ్వి, ఏమీ చెప్పకుండా అక్కను నాలుకమీద వేసుకొమ్మంది. అక్క ఆ ఆకును నాలుకకు తాకించి, తీసి, మళ్లీ తాకించింది.

"ఉప్పు," అంది.

"తాగిన నీళ్లలోంచి ఉప్పును వేరుచేసి బయటికి నెట్టేస్తుంది అమ్మమ్మగారూ. ఈ జాతికి తెలుసు. నేర్పక్కర్లేదు. కాస్త వ్యవధి ఇవ్వాలి, అంతే."

అక్క వరస వరసంతా తిరిగి ఆకులు తిప్పి చూసింది. చాలావాటికి వచ్చింది. ఆమె ముఖం చూసి బావ గడప దగ్గరే ఆగిపోయాడు. నలభై రెండేళ్లుగా ఒక మనిషి మోస్తున్న బరువు అలా దిగుతుందని నేను ఏ గ్రంథంలోనూ చదవలేదు. దిగిందో, చేయి మార్చుకొందో, అదీ నాకు తెలియదు.

వైశాఖం చివరలో మూడువందలకు మిగిలిన రెండువందల అరవై మొక్కలను నాటాము. ఎండ మండిపోయింది. పోటు వచ్చింది, పోయింది, వచ్చింది. వాలిన ఆకులు కొన్ని లేచాయి, కొన్ని లేవలేదు. తొలివాన పడిన మర్నాడు పెద్దసారు గొడుగు వేసుకొని వచ్చి, గట్టుమీద నిలబడి లెక్కపెట్టించాడు. రెండువందల పదకొండు. బురదమ్మాయి పుస్తకంమీద చేతులు జోడించి తల దించుకొంది. ఆమె ఎవరికి మొక్కిందో నేను అడగలేదు. అదే పూట పడవవాడు నీటిలోంచి చేతులు ఊపుతూ వచ్చాడు. ఆల్చిప్పల గుట్టల వెనుక, బురద కాస్త తేటపడిన చోట, వేలెడేసి గడ్డి మొలిచిందట. అందులో గోరంత రొయ్యలట. "పీట వేశారు మాస్టారూ, చుట్టాలు బయలుదేరారు" అన్నాడు.

పెద్దసారు సంచిలోంచి చక్రం పిడి తీసి బావకు ఇచ్చాడు. ఇక ఆ తలుపు దించే పని ఎన్నటికీ లేదు, దాన్ని పెకలించి తీసివెయ్యబోతున్నారు, అయినా ఇచ్చాడు. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తలుపు లేని ఇంటికి తాళంచెవి. బాగుంది. నా బావమరిది పద్యాల్లా, పనికి రాదు గాని పారెయ్యలేం" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం దాన్ని కండువాలో చుట్టి లోపల పెట్టుకొన్నాడు.

ఇనుప తలుపును ఊడదీసి కట్టమీద రెండు రాళ్లపై అడ్డంగా వేశారు. ఇప్పుడది మాకు బల్ల. పోటువేళ బావకు కాళ్లు నిలవవు. వచ్చి దానిమీద కూర్చుంటాడు. నేనూ పక్కన కూర్చుంటాను. ఆ కారు చివరి సంగతి అక్కడినుంచే చూశాను.

సాయంత్రం పోటు మొదలైంది. అక్క ఇంట్లోంచి వచ్చి, మావైపు చూడకుండా, చీర కుచ్చిళ్లు ఎగదోపుకొని కట్ట దిగింది. బావ లేవబోయాడు. నేను ఆయన మోచేయి పట్టుకొన్నాను. అక్క నీటి అంచున ఆగింది. తరువాత ఒక పాదం, తరువాత రెండోది. నీరు చీలమండలు దాటి పిక్కలదాకా వచ్చింది. ఏవో పిల్లచేపలు ఆమె కాళ్ల చుట్టూ చేరాయి కాబోలు, ఉలిక్కిపడి కిందికి చూసి, కదలకుండా నిలబడింది.

బొద్దమ్మ మొదటి వరసలోనే ఉంది. పోటు ఇంకా దాని మొదలు తాకలేదు. మరో రెండడుగులు రావాలి. అక్క రెండు చేతులూ దోసిలిపట్టి సముద్రపు నీటిని ముంచింది. పెదవులదాకా తెచ్చుకొని రుచి చూసింది. ఒక్క చుక్క జారకుండా వంగి, ఆ వేరు మొదట పోసింది.

"తాగు నాన్నా," అంది.

ఈ కథ విన్నవారి బావులు తియ్యగా ఉండుగాక. చదివినవారి పిల్లలు చల్లగా ఉండుగాక. మీ గడపలోకి ఎంత ఉప్పు వచ్చినా మీ ఆకు దాన్ని బయటికి తోసివేసి పచ్చగా నిలుచుగాక. నేలను ఎత్తి నీటిమీద నిదురించే ఆ స్వామి, తలుపులు మూసినవారినీ తెరిచినవారినీ ఒక్క కంటనే చూచుగాక. తథాస్తు.